ఇరవై ఏడో నక్షత్రం

2007 జనవరి. దుబాయ్ జెబెల్ అలీలో కంపెనీ బస్సు దిగిన కూలీ భూమేశ్‌ని ఎవరో సైలెన్సర్ గన్‌తో కాల్చేశారు. ఒక ఆయుధాల ముఠా గుట్టు చెప్పడానికి వచ్చాడతను. "అక్కడే ఉండు, వస్తున్నా" అని ఫోన్లో అన్నది సీక్రెట్ ఏజెంట్ మహీధరే. ఆ రోజు నుంచి ఏ ఫోన్ ఎత్తినా అతనికి ముందు భూమేశ్ గొంతే వినిపిస్తుంది.

"సారూ, ఇంకా రాలే?"

డిసెంబరుకల్లా యూరోపియన్ యూనియన్ మాంచి ఊపు మీదుంది. బల్గేరియా, రుమేనియా చేరి సభ్యదేశాలు ఇరవై ఏడయ్యాయి. యాభయ్యేళ్ల పండగ చేసుకున్నారు, లిస్బన్‌లో కొత్త ఒప్పందం మీద సంతకాలూ పెట్టుకున్నారు. ఇక ఆయుధాల దొంగరవాణా ఆపడం మీద దుబాయ్‌లో గల్ఫ్ దేశాలతో చర్చలు. అవి జరిగితే ఆ ముఠా వ్యాపారం ఖలాస్. అందుకే బాంబు పెట్టబోతున్నారని కబురు.

"హోటల్లో మనవాడెవరు?" ఢిల్లీ నుంచి చీఫ్ వీరరాఘవరావు అడిగాడు.

"పోశయ్య సార్, వెయిటర్. భూమేశ్‌కి సొంత అన్న."

"వైదేహి?"

"మన దగ్గరా, ముఠా దగ్గరా, రెండు వైపులా జీతం తీసుకుంటోంది."

"ఎవరికి నమ్మకంగా ఉంటుంది?"

"జీతం పడే తేదీని బట్టి సార్."

దుబాయ్ మధ్యలో పారే ఉప్పుటేరు, క్రీక్ ఒడ్డు హోటల్. ఈవెంట్ మేనేజర్ వైదేహి నెమలికంఠం రంగు చీరలో హాలంతా కలియతిరుగుతోంది. పక్కనే విక్టర్, బ్రసెల్స్ నుంచి వచ్చిన ప్రోటోకాల్ ఆఫీసర్‌నని చెప్పుకుంటున్నాడు. మహీధర్‌ది ఫొటోగ్రాఫర్ వేషం. ప్రతినిధులు లిఫ్ట్‌లో ఉన్నారు.

పోశయ్య ఒక యూరోపియన్ యూనియన్ టేబుల్ జెండా మోసుకొచ్చాడు. "విక్టర్ సాబ్ ఇచ్చిండు సారూ. నడుమ వెట్టమన్నడు. మస్తు బరువుంది."

మహీధర్ కెమెరా జూమ్ చేశాడు. నీలం గుడ్డ మీద ఇరవై ఏడు బంగారు నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నాయి, దేశానికొకటి చొప్పున! ఎన్ని దేశాలు చేరినా అసలు జెండాలో నక్షత్రాలు పన్నెండే. బ్రసెల్స్ ఆఫీసర్‌కి అది తెలియకపోవడమా? విక్టర్ నకిలీ. బాంబు జెండా దిమ్మలో ఉంది. దిమ్మ పోశయ్య చేతుల్లో ఉంది.

"అక్కడే ఉండు" అనబోయి మహీధర్ నాలుక కరుచుకున్నాడు. ఒక్క పరుగున వెళ్లి జెండా లాక్కుని, బాల్కనీలోంచి క్రీక్‌లోకి విసిరేశాడు. నీళ్లకు తగిలీ తగలగానే పేలింది. పారిపోబోయిన విక్టర్‌ని సెక్యూరిటీ వాళ్లు ఒడిసి పట్టారు.

పోశయ్య మహీధర్ చెయ్యి పట్టుకున్నాడు. "మా తమ్ముని కాడికి గూడ గిట్లనే ఉరికొస్తే, వాడు బతికుండేటోడు గద సారూ."

మహీధర్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వైదేహి దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "విక్టర్ జెండా చేయించమంటే, తప్పని తెలిసే అన్ని చుక్కలూ సత్వా టైలర్ల దగ్గర కుట్టించాను, మీ కంట పడతాయని. భూమేశ్ సంగతి ముఠావాళ్లకి చెప్పింది నేనే. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు." పోలీసులు వచ్చేదాకా ఆమె ఎక్కడికీ కదల్లేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఆ శబ్దం ఏమిటని ప్రతినిధులు అడగలేదా?"

"అడిగారు సార్. దుబాయ్ కదా, మనవాళ్లెవరో బిల్డింగ్ కడుతున్నారన్నాను. నమ్మేశారు."