ఖాళీ చేసిన పేరు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులకు తాళాలు పడ్డాయి. మాదాపూర్ అద్దాల మేడల్లో మాత్రం జనరేటర్ల పుణ్యమా అని ఏసీలు ఆగకుండా తిరుగుతున్నాయి. అలాంటి ఓ మేడలో ఐదో అంతస్తులో శివశంకర్ టెస్టింగ్ ఇంజనీరు.

అతనిది అనంతపురం జిల్లా కదిరి. నాన్న నారాయణప్పకు బజారులో చిన్న విత్తనాల అంగడి. శివ నాలుగేళ్లుగా హైదరాబాదులోనే ఉంటున్నాడు. కొండాపూర్‌లో కడప నుంచి వచ్చిన మధుసూదన్‌తో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. సమ్మె మొదలుకాగానే మధు సెలవు పెట్టి ఊరెళ్లిపోవడంతో గదిలో ఒక్కడే మిగిలాడు. చెడ్డవాడేం కాదు శివ. కాస్త నోటి దురుసు. అది కూడా ఎదుటి మనిషి కంటికి కనపడనప్పుడే.

ఆ రోజుల్లో ఫేస్‌బుక్ తెరిస్తే కొట్లాటే. మొన్నటిదాకా ఒక టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నవాళ్లు "మీరు", "మేము" అని విడిపోయి రాత్రింబగళ్లు తిట్టుకునేవాళ్లు. శివ కూడా తక్కువ తినలేదు. పొద్దున లేస్తే రాత్రి ఎవరేం రాశారో చూడాలి, దానికి జవాబు రాయాలి, ఆ తర్వాతే పళ్లు తోముకోవడం.

ఆ గోలలోనే జ్యోత్స్న అనే అమ్మాయి నుంచి మెసేజిలు రావడం మొదలైంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "శివన్నా, యాడున్నవ్? అమ్మ అన్నం తింటలేదు. జర ఇంటికి రా."

బోరబండలో ఉంటుందట. వాళ్లన్న పేరు కూడా శివశంకరే. బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడట. మార్చిలో మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్‌కు పోతున్నానని చెప్పి బయలుదేరినవాడు ఇక తిరిగి రాలేదు. దవాఖానలు, పోలీసు స్టేషన్లు అన్నీ వెతికారు. ఎక్కడా లేడు.

"నేను మీ అన్నను కాదమ్మా, నాది కదిరి" అని శివ రెండుసార్లు మర్యాదగానే రాశాడు. తన ప్రొఫైల్లో సొంత ఫోటో కూడా లేదు, ఏదో కొండ బొమ్మ పెట్టుకున్నాడు. ఆ పిల్ల నమ్మలేదు. "అట్లనకు అన్నా. రైల్వే స్టేషన్ ఎనక పిండిగిర్ని సందుల మూడో ఇల్లు, యాది లేదా? అమ్మ పొద్దుగూకినంక గడపల్నే కూసుంటది."

ఒక సోమవారం మధ్యాహ్నం ఫేస్‌బుక్‌లో ఎవరో అతన్ని నానా మాటలూ అన్నారు. మనసంతా చేదయిపోయి ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె మెసేజి వచ్చింది. శివకు ఎక్కడ లేని కసి పుట్టుకొచ్చింది. వాళ్ల మాటనే అనుకరిస్తూ టకటకా కొట్టాడు.

"నేను మంచిగనే ఉన్న. ఇంటికి రాను. నా కోసం సూడకుండ్రి."

పంపేశాడు. ఒక నిమిషం పాటు ఏదో గెలిచినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆమె నుంచి ఒక్క మాట రాలేదు. మంగళవారమంతా చూశాడు. తిట్టినా బాగుండు అనుకున్నాడు. బుధవారం సాయంత్రానికి ఆ మౌనం భరించలేక, క్షమాపణ అడగడానికి మొహం చెల్లక, అసలు ఈ గొడవే వద్దని అకౌంటు మూసేశాడు. "కొన్నాళ్లు ఫేస్‌బుక్ జోలికి పోనురా" అని మధుకు ఫోను చేసి చెప్పాడు.

నాలుగు రోజులు హాయిగా గడిచాయి. కంటినిండా నిద్ర పట్టింది. చాయ్ బండి దగ్గర ఫోను తీయకుండా నిలబడి, ఎదురుగా వెళ్లే మనుషుల్ని చూడటం మళ్లీ అలవాటైంది. చేతులు ఖాళీగా ఉంటే మనిషికి ఎంత టైముంటుందో అని ఆశ్చర్యపోయాడు.

ఐదో రోజు, సోమవారం, లంచ్ తర్వాత మధు ఫోను చేశాడు.

"ఏం రా, మానేస్తానని చెప్పి దినానికి పది ఫోటోలు పెడతాండావే?"

"నేనా? అకౌంటే లేదు కదరా."

"యాడ లేదు? ఇప్పుడే చూసినా. ఇన్నాళ్లకు నీ మొగం పెట్టినావులే. బాగా చిక్కిపోయినావు. గడ్డమెందుకు పెంచినావు? అయినా మన గదిలో దీపాలార్పి ఫోటో తీసుకుంటే ఏం కనపడతాది రా?"

శివ చెయ్యి గడ్డం మీదికి వెళ్లింది. పొద్దునే గీసుకున్నాడు. నున్నగా ఉంది.

సీటుకు వచ్చి ఫేస్‌బుక్ తెరవబోయాడు. పాస్‌వర్డ్ తప్పు అంది. మళ్లీ కొట్టాడు. తప్పు. పక్కసీటు అతని అకౌంట్లోంచి చూశాడు. తన పేరు ఉంది, కొండ బొమ్మ లేదు. దాని చోట చీకటి. ఆ చీకట్లో ఒక మొహం ఉందని తెలుస్తోంది గాని, ఎంత దగ్గరగా చూసినా పట్టుబడటం లేదు. వెనక గోడకు మాత్రం తన గదిలో ఉండే నీలం తువ్వాలు వేలాడుతోంది.

అకౌంటు ఎవరో కొట్టేశారు, అంతే అని సర్దిచెప్పుకున్నాడు. ఆ పిల్లే ఎవరితోనో చేయించి ఉంటుంది. కోపం రావడం న్యాయమే కదా. పోయి కాళ్లావేళ్లా పడి తప్పయిపోయిందని చెప్పేస్తే తీరిపోతుంది. ఐదున్నరకు ఆఫీసులోంచి బయటపడి, హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాడు. బోరబండ తర్వాతి స్టేషనే.

దిగేసరికి పొద్దు గూకుతోంది. స్టేషన్ వెనక పిండిగిర్ని కోసం ఎవరినీ అడగక్కర్లేకపోయింది, జొన్నపిండి వాసనే దారి చూపింది. సందులోకి తిరగ్గానే కరెంటు పోయింది. సమ్మెకు సింగరేణి బొగ్గు ఆగిపోయి ఊరంతా కోతలు. ఒక్కో ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతోంది. మోరీల్లో మురుగు వాసన, కిరసనాయిలు వాసన, ఎక్కడో రొట్టె కాలుతున్న వాసన. అరుగుల మీద కూర్చున్న మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు.

అతను నడుస్తుంటే ఆ నీడల్లో మాటలు ఆగిపోయాయి.

"కిష్టమ్మ కొడుకు గాదే?" అని ఒక ముసలి గొంతు గుసగుసగా అంది.

"ఆడే... శివడే. వచ్చిండు."

శివ అడుగు తడబడింది. చీకట్లో పొరబడ్డారులే అనుకున్నాడు. మూడో ఇంటి ముందు కొవ్వొత్తి పట్టుకుని పద్దెనిమిదేళ్ల పిల్ల నిలబడి ఉంది. అతన్ని చూసి ఉలిక్కిపడలేదు. సంతోషపడనూ లేదు. లోపలికి తిరిగి మెల్లగా పిలిచింది.

"అమ్మా... వచ్చిండే."

గడపలో కూర్చున్న వాళ్లమ్మ కిష్టమ్మ లేచింది. చల్లటి వేళ్లతో అతని చెంపలు తడిమింది.

"అమ్మా, నేను మీ అబ్బాయిని కాదు" అన్నాడు శివ గబగబా. "పేరు ఒకటే, అంతే. ఆ మెసేజి పెట్టింది నేనే. తప్పయిపోయింది, క్షమించమని అడగడానికి వచ్చాను."

కిష్టమ్మ తల ఊపింది. చిన్నపిల్లాడు పలవరిస్తుంటే విన్నట్టు విన్నది.

"గట్లనే అంటవని చెప్పిండు బిడ్డా."

"ఎవరు?"

జవాబు జ్యోత్స్న చెప్పింది. గొంతు బాగా తగ్గించి, ఎవరో వింటారన్నట్టు.

"మా అన్న. బుధవారం పొద్దుగూకంగ వచ్చిండు. గీడనే నిలవడ్డడు, గడప దాటలే. మొఖం సూపియ్యలే. 'నేను ఇంటికి రాను. నా కోసం సూడకుండ్రి' అన్నడు. అచ్చం మీరు రాసిన మాటలే." కొవ్వొత్తి మంట ఆమె ఊపిరికి వణికింది. "'నా బదులు ఇంకొకడొస్తడు. నేను కాదంటడు, ఏడుస్తడు. ఇనకుండ్రి. ఇంట్లకు తీస్కోండ్రి' అన్నడు."

బుధవారం సాయంత్రం. తను అకౌంటు మూసింది అప్పుడే.

"ఆయన... ఇప్పుడెక్కడున్నాడు?"

"మీరు జాగ ఖాళీ చేసిండ్రు గద" అంది జ్యోత్స్న.

 శివ వెనక్కి తిరిగాడు. సందులో జనం చేరారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. ఒకాయన ప్రేమగా భుజం మీద చెయ్యేశాడు.

"ఆర్నెల్లకు వచ్చి మళ్ల ఎటు పోతవ్ రా? మీ అమ్మను సూడు, ఎంత పరేషానయిందో."

"నేను కాదండీ... మా ఊరు కదిరి... కావాలంటే మా నాన్నతో మాట్లాడండి..."

ఫోను తీసి ఇంటి నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగాక నాన్న ఎత్తాడు.

"నాయనా! నేను, శివను."

అటువైపు ఎవరో కంచం జరిపిన చప్పుడు.

"యా శివ?"

"నాయనా, నేనే. నీ కొడుకును. బోరబండలో ఉండా. వీళ్లకొకసారి చెప్పు నాయనా, నేనెవరో..."

"ఎవురప్పా నువ్వు?" నారాయణప్ప గొంతులో విసుగు. "మా వాడు మధ్యాన్నమే హైదరాబాదు నుంచి వచ్చినాడు. బస్సుల్లేకున్నా ఎట్లనో వచ్చినాడు పాపం. ఇట్లనే కూర్చోని అన్నం తింటాండాడు."

వెనక నుంచి అమ్మ నాగమణి గొంతు వినిపించింది. "ఎవురంట?"

దానికి జవాబు కూడా వినిపించింది. తన గొంతు. అచ్చంగా తనదే. కొంచెం నోట్లో ముద్ద ఉన్నట్టు.

"రాంగ్ నంబర్ లేమ్మా. పెట్టేయ్ నాయనా."

ఫోను ఆగిపోయింది.

మళ్లీ చేశాడు. మోగుతూనే ఉంది... మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

శివ ఏడ్చాడు. చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోయినప్పుడు ఏడ్చినట్టు, నోరు తెరిచి, సిగ్గు లేకుండా. పరుగెత్తాలనుకున్నాడు. ఎక్కడికి? కొండాపూర్ గదిలో ఎవరుంటారో తెలియదు. రేపు ఆఫీసులో తన సీట్లో ఎవరు కూర్చుంటారో తెలియదు. అమ్మ వడ్డించిన కంచం ముందే ఇంకెవరో కూర్చున్నప్పుడు, లోకంలో ఇంకెక్కడికి పోతే మాత్రం ఏం లాభం?

కిష్టమ్మ అతని చెయ్యి పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. పసివాణ్ని నడిపించినట్టు నడిపించింది. అతని కాళ్లు గడప దాటాయి. తనే దాటాడా, ఆమె దాటించిందా... తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు.

లోపల పీట వేసి ఉంది. కంచంలో రొట్టె, పచ్చిపులుసు. జ్యోత్స్న వంగి అతని మెడలోని ఐడీ కార్డు తీసేసింది. అతను వద్దనలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏడ్వకుండ్రి" అని చెవిలో గొణిగింది. "అమ్మకు పానం నిమ్మలమైతది. శివశంకర్ అని ఉన్నోళ్లందరికి మెసేజి పెట్టిన... జవాబిచ్చింది కొందరే."

కొందరు... అనే మాట అతనికి అర్థమయ్యే లోపలే కరెంటు వచ్చింది.

సందంతా పిల్లల కేకలు. "హేయ్!" అని చప్పట్లు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, ఎవరింట్లోనో టీవీలో వార్తలు గట్టిగా మొదలయ్యాయి. తన తలమీద బల్బు భగ్గున వెలిగింది. సున్నం గోడలు, ఇనప బీరువా, మూలన ఇత్తడి బిందె, అన్నీ పట్టపగల్లా కనిపించాయి.

ఎదురుగా లోపలి గది ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. ఆ గదిలోకి మాత్రం వెలుతురు పోవడం లేదు. గడప దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది.

లోపల ఎవరో స్విచ్ వేసిన చప్పుడు. టిక్. కాసేపాగి మళ్లీ... టిక్.

తర్వాత ఒక మగ గొంతు. నీరసంగా, చాలా మర్యాదగా. ఈ ఇంటివాళ్ల మాట కాదు, కదిరి మాటా కాదు. ఏ గోదావరి వైపో పుట్టి పెరిగిన మనిషి మాట.

"కరెంటొచ్చిందాండీ?"

కిష్టమ్మ రొట్టె తుంచి శివ కంచంలో వేస్తూ, తల కూడా తిప్పకుండా అటువైపు చెప్పింది.

"ఇంకా రాలే బిడ్డా. పండుకో."