ఎండపూట

వేపపువ్వు ఏరుతూండగా గోడమీది సమ్మతిపలక వెలిగింది. "ఉగాది సెలవులు మూడు రోజులూ పగటిపూట మీ వీధికి ఎండ దించమంటారా?"

ఏటా చేసినట్టే 'వద్దు' అన్నచోట వేలు పెట్టబోయింది భ్రమరాంబ.

బెజవాడ మీద చలువగొడుగు విచ్చుకుని ఇరవై రెండేళ్లయింది. మబ్బులంత ఎత్తున తేలే కోట్ల అద్దపురేకులు ఎండను పక్కకు మళ్లిస్తాయి. నడివేసవి మధ్యాహ్నం పిల్లలు బందరు రోడ్డు మీద సైకిళ్లు తొక్కుతున్నారంటే మాటలా! వడదెబ్బ అంటే ఏమిటో వాళ్లకి తెలియనే తెలియదు. కట్టినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి. ఒక్కటే లోటు, వడియాలు ఎండవు. యంత్రంలో ఎండబెట్టినవాటికి ఆ కరకర రాదు. జనం గోల పెట్టగా పెట్టగా, ఆరేళ్ల కిందట ఏటా ఉగాదికి వీధులకి ఎండపూటలు ఇవ్వడం మొదలైంది.

భ్రమరాంబ భర్త సన్యాసిరావు కరెంటు లైన్‌మన్. గొడుగు విచ్చుకోవడానికి సరిగ్గా నెల ముందు వడదెబ్బ తగిలి, స్తంభం దిగుతూనే కూలిపోయి ప్రాణం విడిచాడు. ఆ ఎండ మొహం మళ్లీ చూడనని ఆమె ఒట్టు పెట్టుకుంది.

"పిన్నిగారూ!" అంటూ ఎదురింటి కొత్తకోడలు తన్మయి వచ్చింది. "మా పుట్టింటి వీధిలో ఎండపూటంటే తిరనాళ్లేనండీ. ఇక్కడ ఒక్కసారీ రాలేదట! ఆ వద్దనే మహానుభావులెవరో మీకేమైనా తెలుసా?"

"ఎక్కువమంది వద్దంటున్నారు కాబోలమ్మా."

"ఎక్కువమందా? ఒక్క ఇల్లు కాదన్నా చాలండీ, వీధంతటికీ ఆగిపోతుంది. ఎవరన్నదీ పలక బయటపెట్టదు."

భ్రమరాంబ చేతిలోని చేట జారింది. వీధంతా తనలాగే ఎండకి భయపడుతోందని కదా ఇన్నాళ్లూ అనుకుంది! ఏటా ఈ రోజుల్లో పక్కింటి వసుంధర వడియాలకని బూడిదగుమ్మడికాయ కొనడం, పండగ కాగానే దాన్ని పులుసులో వేసేయడం గుర్తొచ్చాయి. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. సిగ్గుతో భ్రమరాంబ ప్రాణం చచ్చిపోయింది.

తన్మయి వెళ్లాక చాలాసేపు పలక ముందు నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని 'సరే' నొక్కింది.

ఉగాదినాడు పచ్చడి తినడం కాగానే రేకులు తప్పుకున్నాయి. నిక్కమైన ఎండ వీధిలోకి దిగింది. ఎంత అద్భుతమో! పిల్లలు తమ నల్లటి నీడల్ని తొక్కబోయి కేరింతలు కొట్టారు. పాతచీరలు పరిచి ఆడా మగా వడియాలు పెడుతున్నారు. భ్రమరాంబ మాత్రం గడపలోనే నిలబడిపోయింది. కాసేపటికి బిందెడు మజ్జిగ ఎత్తుకుని బయటికొచ్చి, "తాగండి, ముందు తాగండి" అంటూ ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. అక్కర్లేదన్నవాళ్ల మీద కసురుకుంది కూడా.

"ఇంతకీ ఇన్నేళ్లూ వద్దన్నదెవరండీ?" అని తన్మయి అందరికీ వినపడేలా అడిగింది.

ఎవరూ తలెత్తలేదు. "ఏమోనమ్మా, పలకలే పాడై ఉంటాయి" అంది వసుంధర, పిండి చేత్తోనే.

భ్రమరాంబ బిందె దించింది. "పలకలు బాగానే ఉన్నాయి. నేనేనమ్మా" అంది.

తన్మయి నాలుక కరుచుకుంది. వసుంధర మాత్రం ఇంకో వడియం పెట్టి, అప్పుడు తలెత్తింది.

"తెలుసులే వదినా. ముందు నువ్వు తలమీద కొంగు కప్పుకో, ఎండగా ఉంది."