సింగపూరు పోవాల్సిన పహిల్వాన్

బండి బురదలో దిగబడితే ఎద్దులను విప్పి పక్కన నిలబెట్టి, ఒంటిచేత్తో బండిని గట్టుకు చేర్చిన మనిషి గద్వాల ఈరన్న. అతను తుమ్మితే కృష్ణకు అవతల కుక్కలు మొరుగుతాయనేవారు. అలాంటి ఈరన్న ఆ పొద్దున వనపర్తిలో డిటెక్టివ్ శాంతయ్య గుమ్మం ముందు నిలబడి, గాలికి కదిలిన తలుపును చూసి వణికాడు. అది చూసి శాంతయ్య సహాయకుడు బుచ్చన్నకు ఒళ్లు జలదరించింది. ఇంత మనిషిని భయపెట్టింది తన లాంటివాణ్ణి నమలకుండానే మింగుతుంది.

ఈరన్న చెంబెడు నీళ్లు తాగి, నోరెండుతోందని ఇంకో చెంబు అడిగాడు. కిటికీలో ఎండ చూడలేక కళ్ల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"నా మీద బాణామతి చేసిన్రయ్యా. గోడలు నా మీదికి నడిచొస్తున్నయి. చేతులల్ల బలం లేదు. రేపు రాయి ఎత్తకపోతే నా బతుకు మన్నుల కలిసినట్టే."

సింగపూరులో ఒక సర్కస్ కంపెనీ అతన్ని పిలిచిందట. పరదేశంలో ఆడి బతకాలంటే సర్కారు ఇచ్చే అనుమతి పరవానా కావాలి. కూలీలను పహిల్వాన్లని చెప్పి ఓడలెక్కించే ఏజెంట్లు ఎక్కువయ్యారు గనక, తాలీం రాయి ఎత్తే విద్య కళ్లారా చూస్తేగాని ముద్ర వేయనన్నాడు అధికారి. రేపు పహిల్వాన్లు కసరత్తు చేసే గద్వాల తాలీంఖానాకే వస్తున్నాడు. పిలుపు వచ్చిన నాటి నుంచే ఈరన్న వాకిట్లో నిమ్మకాయలు, సూదులు గుచ్చిన పిండిబొమ్మలు.

"రోజూ గిట్లనే ఉంటదా?" అన్నాడు శాంతయ్య.

"శనివారం జర నయం. ఆ దినం హనుమంతుడు కాపాడుతడు."

"ఆ దినం ఏం తింటవు?"

"ఒక్కపొద్దు కద. పొద్దుమీకినంక మా ఇంటామె పెట్టే పండ్లే."

మిగతా రోజుల్లో తాలీంలో బాదంపాలు తాగుతాడు. ఈరన్న తర్వాత మేటి అయిన మాసయ్య బాదం నూరి పెద్ద గిన్నెలో పాలు కలుపుతాడు. తాలీం నడిపే గురువు, ఉస్తాద్ పెంటయ్య ఎవరి లోటా వారికి నింపి, తానొక గుక్క తాగి అందిస్తాడు. అది తాలీం ఆచారం. ఈ మధ్య నోట్లో పుండని ఉస్తాద్ ఆ గుక్క మానేశాడు.

గద్వాలకు పుట్టి పడవలో కృష్ణ దాటుతున్నంతసేపూ బుచ్చన్న అంచు వదల్లేదు. బాణామతి నీళ్ల మీద కూడా పారుతుందా అని అడిగాడు. శాంతయ్య ఈరన్న వైపు వంగి, అతని చెవిలో, రేపటి దాకా పాలు ముట్టొద్దని చెప్పాడు.

తాలీంలో, ఈరన్న పోకుండా ఆపాలని చూస్తున్నావా అని మాసయ్యను అడిగితే అతను మండిపడ్డాడు. "గాయన పోతేనే కద నేను పెద్ద పహిల్వాన్‌నయ్యేది. ఆపి నేనేం చేసుకుంట?"

ఉస్తాద్ మాత్రం తమలపాకుకు సున్నం దట్టంగా రాసి నములుతూ, శిష్యుడికి పట్టిన గతి తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. బుచ్చన్నకూ ఏడుపొచ్చింది.

మర్నాటి సాయంత్రం అధికారి వచ్చాడు. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఉస్తాద్ లోటా నింపి తెచ్చాడు. శాంతయ్య అడ్డం నిలిచాడు.

"ఉస్తాద్, ముందు నువ్వొక గుక్క తాగు."

"నోట్ల పుండుంది."

"సున్నానికి మండని పుండు పాలకు మండుతదా?"

అందరూ ఉస్తాద్ నోటి వైపు చూశారు.

"బాణామతి శనివారం సెలవు తీసుకోదు," అన్నాడు శాంతయ్య. "పాలు తాగని దినమే రోగం ఆగింది. ఎండిన నోరు, వెలుగు పడని కళ్లు, నడిచే గోడలు, గివన్నీ ఉమ్మెత్త గింజల పని. గిన్నెల కలిపితే అందరూ పడిపోదురు. ఒక్క ఈరన్న లోటాలనే ఉంది. ఆ లోటా నింపేది నువ్వు. అనుమానం మంత్రగాళ్ల మీదికి పోవాలని నిమ్మకాయలు పెట్టినవు."

పెంటయ్య ఒక్కసారిగా లోటాను నోటికెత్తబోయాడు. ఈరన్న లాక్కుని నేల మీద పారబోశాడు.

"వీని పేరు మీదనే నాకు పేరు. వీడు పోతే నన్ను ఉస్తాదని ఎవడు పిలుస్తడు?" అన్నాడు పెంటయ్య. "రాయి ఎత్తలేకపోతే ఈడనే ఉంటడనుకున్న."

అధికారి జవాన్లను పిలవబోతే ఈరన్న వద్దని దండం పెట్టి, తడబడుతూ రాయి దగ్గరికి నడిచాడు. మొదటి పట్టుకు చేతులు జారాయి. రెండో పట్టుకు రాయి నేలను వదిలింది. దాని కింద పుట్టి పెరిగిన తేళ్లు మొదటిసారి వెలుగు చూసి, ఊరు విడిచి పరుగెత్తాయి. రాయి భుజమెక్కింది. పరవానా మీద ముద్ర పడింది.

తాలీం విడిచిపోయే శిష్యుడికి ఉస్తాద్ ఎర్రమట్టి బొట్టు పెట్టాలి. అలవాటుగా పెంటయ్య చిటికెడు మట్టి తీసి చెయ్యి చాచాడు. అంత బరువెత్తిన ఈరన్న ఆ చిటికెడు మట్టిని చూసి వెనక్కి జరిగాడు. వంగి, మట్టి తానే తీసి నొసట పెట్టుకున్నాడు. ఉస్తాద్ చెయ్యి అలాగే చాచి ఉంది.