నాడి పట్టిన చేయి

సిరిసిల్లల కిషన్ రావు డాక్టర్‌ను ఎరగనోళ్లు లేరు. ఆయనది ఒకటే పద్ధతి. ఎడమ చేత్తోని మన నాడి పట్టుకుంటడు, కుడి చేత్తోని మందుచీటి రాస్తడు. రాసుడు అయ్యేదాక నాడి విడువడు. ఆ రాత దేవునికి సుత తెలువది, మందుల షాపోనికే తెలుస్తది!

కంప్యూటర్ పెడుదామని కొడుకు సాకేత్ రావు అడిగితే, "నేను సచ్చినంక పెట్టుకో" అన్నడట. ఎండకాలం ముసలాయన పోయిండు. దినాలు గాకముందే కంప్యూటర్ అచ్చింది.

ముసురువట్టిన పొద్దు మా ఇంటామె రాజమణికి దమ్ము లేసింది, ఊపిరి ఆడుతలేదు. నేసే మరమగ్గం సాంచ బందువెట్టి ఆటోల ఏసుకపోయిన. దవఖానల స్పిరిట్ వాసన. పక్క సందుల మరమగ్గాల చప్పుడు.

సాకేత్ రావు ఆమె మొఖం సుత చూడలే. రెండు చేతులతోని టకటక కొడుతున్నడు.

"సార్, ఈమెకు కొన్ని మందులు పడయి. పెద్దసారుకు ఎరుకే."

"పెద్దసార్ లేడు కాకా. ఈ కంప్యూటర్ల అన్ని మందులున్నయి."

"మందులున్నయి సరే, అండ్ల మా రాజమణి ఉన్నదా?"

గుర్రుగ చూసి మీట నొక్కిండు. కాగితం అచ్చింది. తెల్లగ. మల్ల నొక్కిండు. మల్ల తెల్లగనే.

భయపడేటోళ్లు ఇక్కడ్నే ఆగుండ్రి, ముందే చెప్తున్న!

కరెంటు పోలే. సందుల సాంచలు మాత్రం అన్ని ఒక్కసారే ఆగినయి... ముసలాయన ఏసుకునే జర్దా వాసన...

రాజమణి ఎడమ చేయి బల్ల మీదికి సాగింది. ఎవలో గుంజినట్టు.

"ఎవలో పట్టుకున్నరు..." గుసగుసగ అన్నది. "సల్లగున్నది... విడువుమను..."

మణికట్టు మీద తోలు లోపలికి నొక్కుకపోయింది. వేళ్లు లెవ్వు. ఆమె పెదవులు నీలంగైతున్నయి.

"రాయి!" అని ఒర్లిన. "చేత్తోని రాయి! పాణం పోతున్నది!"

సాకేత్ రావు తండ్రి పెన్ను తీసిండు. అప్పుడు చూసిండు ఆమె మొఖం.

"అమ్మా... నీకు ఏ మందు పడది?"

ఆమె చెప్పింది. ఆయన తెరమీద ఉన్న మందు చూసిండు. అదే మందు! వేరే మందు రాసిండు, తనే సూది ఏసిండు. దమ్ము దిగింది. సాంచలు మల్ల మొదలైనయి.

సంబురంగ ఇంటికచ్చి చాయ్ పెట్టిచ్చిన. కుడి చేత్తోని అందుకున్నది. ఎడమ చేయి గాలిల అట్లనే సాగి ఉన్నది.

"అయిపాయె గదనే, చేయి దించు."

"ఎట్ల దించుదు?" అన్నది మెల్లగ. "ఇంకా రాస్తున్నడు..."

ఇంట్ల ఎవల చేతుల పెన్ను లేదు. గీకుతున్న చప్పుడు మాత్రం నా చెవి పక్కనే ఇనవడుతున్నది...