ఆదివారం గొంతు

ఉదయం ఎనిమిదిన్నర. ఆమె ఎడమచేత్తో తన తల్లి గడ్డం పట్టుకుని, కుడిచేత్తో చెంచాడు జావ నోట్లో పోసింది. గుటక పడేదాకా రెండో చెంచా పోయకూడదు. పొలమారితే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. తొమ్మిదిన్నరకల్లా ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చోవాలి. ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో పద్దెనిమిదేళ్లుగా జనానికి చెబుతున్న గొంతు ఆమెది.

వీధి గుమ్మం ముందు పెట్టె చక్రాల చప్పుడైంది.

"అమ్మా! నేనే!"

చెంచా గిన్నెలో పడింది. రెండేళ్లుగా పరాయి దేశంలో చదువుకుంటున్న కూతురు. తిండి పిట్ట తిండని అమ్మమ్మ చిన్నప్పుడే పెట్టిన పేరు, పిట్ట.

ముందుగదిలో కంటికి భూతద్దం పెట్టుకుని చేతిగడియారం బాగుచేస్తున్న పిట్ట తండ్రి లేచి నిలబడ్డాడు. "చెప్పాపెట్టకుండా ఏమిటే ఈ రావడం?"

"చెబితే వద్దంటారుగా! ఎప్పుడొస్తానన్నా పరీక్షలూ, ఖర్చులూ అంటూ ఏదో ఒక అడ్డం. అమ్మమ్మేదీ?"

"ముందు కాళ్లు కడుక్కో. కాస్త కాఫీ తాగు..."

పిట్ట అప్పటికే లోపలి గదిలో ఉంది. భుజానికి కెమెరా. "అమ్మమ్మా! మా ప్రొఫెసరు నిన్ను వీడియో తీసుకురమ్మన్నాడు. పోయిన ఆదివారం నువ్వు చెప్పిన కథ విని..."

ఆగిపోయింది. మంచంమీది మనిషి నోరు ఒక పక్కకు జారి ఉంది. కళ్లు పిట్టను దాటి, గోడమీద నిలిచాయి.

"ఎప్పట్నించి?" పిట్ట తలతిప్పకుండానే అడిగింది.

"పక్షవాతం వచ్చి పధ్నాలుగు నెలలు," అంది తల్లి.

"మాట?"

"ఆ రోజే పోయింది."

పిట్ట వెనక్కి తిరిగింది. "మరి ప్రతి ఆదివారం నాకు కథలు రికార్డు చేసి పంపిందెవరు? చెవుడొచ్చిందన్నారు, ఫోన్లో మాట్లాడలేనంటోందన్నారు, ముసలిమొహం వీడియోలో చూపించనంటోందన్నారు. ఆ గొంతెవరిది?"

తల్లి ఒక్క క్షణం నేలచూపు చూసింది. తరువాత ఆమె నోట్లోంచి వణుకుతూ, కాస్త బొంగురుగా, చివర్లో చిన్న దగ్గుతో, అచ్చం ముసలామె గొంతు వచ్చింది. "వచ్చావటే పిట్టా? చిక్కిపోయావే!"

పిట్ట రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా, ఆపు!"

"తెలిస్తే చదువొదిలేసి వచ్చేస్తావని..." తల్లి తన గొంతులోకి వచ్చింది.

"చదువా? నా చదువే ఆవిడ కథలమ్మా! అరవై కథలు. 'మా అమ్మమ్మ నోట విన్నవి' అని నా సంతకంతో రాసిచ్చాను. నా పునాదులివీ అని అంతమంది ముందు నిలబడి చెప్పాను!"

"కథలో నక్క బస్సు కోసం గంటన్నర నిలబడిందన్నప్పుడైనా అనుమానం రాలేదటే?" అన్నాడు తండ్రి, వాతావరణం తేలిక చేద్దామని.

"ఆ నక్క మీద మా ప్రొఫెసరు రెండు పేజీలు రాశాడు నాన్నా!"

ఎవరూ నవ్వలేదు.

పిట్ట తన కథల కాగితాలు బయటకు తీసి మంచంమీద పరిచింది. "సరే. ఇందులో అమ్మమ్మవి ఏవో చెప్పు. మిగతావి తీసేస్తాను."

తల్లి ఒక్కొక్కటే చూసింది. ఒకటి పక్కన పెట్టి, మళ్లీ వెనక్కి లాక్కుంది. "ఇది మొదలు ఆవిడదే. వంటింట్లోంచి చెరువు ఎండిపోయేదాకా విన్నాను, కుక్కరు కూతలో తరువాతిది వినబడలేదు. మిగతాది నేనల్లాను. ఇది... ఏమో! ఆవిడెక్కడ ఆగిందో, నేనెక్కడ మొదలయ్యానో నాకే తెలియడం లేదే."

"వంటింట్లోంచి వినడమేమిటి? నీ చిన్నప్పుడు నీకు చెప్పలేదా?"

"నాకా?" తల్లి నవ్వబోయి మానేసింది. "లాండ్రీలో రెండు షిఫ్టులు చేసొచ్చేది. పడుకుంటే శవమే. ఆవిడకు తీరిక చిక్కేసరికి నువ్వు పుట్టావు. నీకు చెబుతుంటే, నేను గోడ ఇవతల గిన్నెలు తోముతూ వినేదాన్ని. చప్పుడవకుండా తోమేదాన్ని."

పిట్ట కళ్లు మూసుకుని గుర్తుచేసుకోబోయింది. అమ్మమ్మ ఒడి, మెడకింద నలిగిన చీర కుచ్చిళ్లు, అన్నీ వచ్చాయి. గొంతు మాత్రం ఆదివారం గొంతే వచ్చింది. ఆ దగ్గూ, ఆ బొంగురూ అమ్మవే. పధ్నాలుగు నెలలు రోజుకు నాలుగైదుసార్లు విని విని, అసలు గొంతును తనే చెరిపేసుకుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు. అమ్మమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

ఫోను తీసి ప్రొఫెసరుకు నాలుగు వాక్యాలు రాసింది. కథలు వెనక్కి తీసుకుంటున్నాననీ, తప్పు తనదేననీ. పంపేసింది.

"ఏమంటాడు?" తల్లి అడిగింది.

"ఏముంది? మొదట్నించీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టడానికేమీ మిగల్లేదు."

"నన్ను తిట్టవే. నీ చదువు కోసమేనని ఒట్టేయలేను. ఆ పావుగంటసేపూ మా అమ్మ మాట్లాడుతున్నట్టే ఉండేది. ఫోను పట్టుకుని, చెప్పేదీ వినేదీ నేనే అయ్యేదాన్ని. మానలేకపోయాను."

పిట్ట లేచి వెళ్లి తల్లి భుజంమీద తల ఆనించింది. పధ్నాలుగు నెలలుగా తనకు అమ్మమ్మ ఉంది. ఈమెకే అమ్మ లేకుండా పోయింది.

"నాకో కథ చెప్పమ్మా," అంది. "ఆవిడలా వద్దు. నీ గొంతుతో."

తల్లి గొంతు సవరించుకుంది. పెదవులు కదిపింది. మళ్లీ ప్రయత్నించింది. పద్దెనిమిదేళ్లు మైకులో తడబడని మనిషి, కూతురి చెయ్యి పట్టుకుని బిక్కచచ్చిపోయి కూర్చుంది.

"రావడం లేదే," అంది.