గురువారం పదకొండింటికి

"మీరు మాకు అమ్మింది కుట్టుమిషనా, పాత పగా?" అని ఆమె ఫోన్‌లో అడిగింది.

అవతలి గొంతు తొణకలేదు. "దారం తెగుతోందాండి, కుట్లు తప్పుతున్నాయా?"

"రెండూ. సోమవారానికి నలభై స్కూలు యూనిఫారాలు ఇవ్వాలి. ఇవాళ శుక్రవారం. మీ మనిషి ఎప్పుడొస్తాడు, వచ్చే నెలా?"

"గొడుగు దొరగ్గానే వస్తానండి."

గొడుగు దొరకలేదు కాబోలు. అరగంటలో, రెయిన్‌కోటు పనిముట్ల బ్యాగుకి తొడిగి, తను నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు ఆ మెకానిక్. చొక్కా అంచు పిండుకుని, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడు. తిట్టడానికి సిద్ధంగా పెట్టుకున్న మాటల్లో సగం ఆమె అక్కడే మర్చిపోయింది.

ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టుకొట్టు. అమ్మ కత్తిరిస్తుంది, కూతురు కుడుతుంది. అమ్మకి పని మీద ఎంత శ్రద్ధో, పనిలో తప్పు చేసినవాళ్ళ మీద అంత నోరు.

అతను వంగి మిషన్ చూశాడు. సూది దగ్గర అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది చూసి ఆమె కూడా సూది వంక చూసింది. పొద్దున సూది మార్చింది తనే. చదునుగా ఉన్న వైపు వెనక్కి ఉండాలని అమ్మ వందసార్లు చెప్పింది. ఇప్పుడది ముందుకి ఉంది.

"ఏమైంది బాబూ?" అంది అమ్మ, చేతిలో కత్తెరతో.

"చిన్న సర్దుబాటేనండి."

సూది సరిచేశాడు. అంతటితో వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. లోపల పేరుకున్న నూగంతా బ్రష్‌తో తీశాడు, నూనె వేశాడు, ఒక పనికిరాని ముక్క మీద నాలుగు వరసలు కుట్టి చూశాడు. తల తుడుచుకోమని తువ్వాలు తేవడానికి అమ్మ లోపలికి వెళ్ళింది.

"అమ్మకి ఎందుకు చెప్పలేదు?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"మిషన్ బాగుచెయ్యడానికి వచ్చానండి. తల్లీకూతుళ్ళకి తగువు పెట్టడం మా సర్వీసులో లేదు."

సోమవారం అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "యూనిఫారాలు వెళ్ళాయాండి?"

"వెళ్ళాయి. మీకెందుకు?"

"మూడో రోజు కనుక్కోవడం మా కంపెనీ పద్ధతి."

ఆ గురువారం పదకొండింటికి మళ్ళీ మోగింది. ఆ తర్వాతి గురువారం కూడా. ఇక అదే వరస.

"మిషన్ ఎలా ఉందండి?"

"పోయిన వారం ఎలా ఉందో అలాగే ఉంది. మీకు వేరే పని లేదా?"

"ఇది పనేనండి. మీ గొంతేంటి, జలుబా?"

"మిషన్‌కి జలుబు లేదు. రాసుకోండి."

"రాసుకున్నానండి."

ఇలా ఏడు నెలలు గడిచాయి. మధ్యలో ఒకసారి ఆమె ఉండబట్టలేక, నవ్వులాటకి అన్నట్టు అడిగింది. "అందరికీ ఇలాగే చేస్తారా?"

"మా కంపెనీ పద్ధతండి."

ఆ రోజు ఆమె రెండు జేబులు తలకిందులుగా కుట్టి, మళ్ళీ విప్పింది. ఒక మనిషి మంచితనం అతని ఉద్యోగానిదో, తనకోసమో ఎలా తెలుస్తుంది? దేవుణ్ణి అడిగింది. ఆయన ఇలాంటి వాటికి వెంటనే జవాబివ్వడు.

కానీ ఆ ఏడు నెలలూ ఆ కంపెనీని మాత్రం నోరారా పొగిడింది. "ప్రతి గురువారం ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. అది విని వీధిలో ఏడుగురు అదే మిషన్ కొన్నారు. అందరికంటే ముందు కొన్నది ఎదురింటి పిన్ని. చిక్కొచ్చి పడింది కూడా ఆవిడతోనే.

"గురువారం గురువారం ఫోన్ చేస్తారన్నావు. నాకు రెండుసార్లు చేసి ఊరుకున్నారు. నేను మనిషిని కానా?" అంటూ వచ్చింది పిన్ని. "ఏడుగురినీ అడిగాను, అందరిదీ ఇదే గోల. అన్నట్టు నేను తెచ్చిన సంబంధం సంగతేంటి? ఆదివారంలోగా వాళ్ళకి అవునో కాదో చెప్పాలి."

"ముందు ఫోన్ సంగతి తేల్చుకుందాం పద పిన్నీ" అని ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తను బయల్దేరుతున్నది పిన్ని కోసమేనా అని తనను తాను ప్రశ్నించుకోలేదు.

సర్వీసు సెంటరంతా మిషన్ నూనె వాసన. గాజు కౌంటరు వెనక, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్న మేనేజరమ్మ. వెనక బల్ల దగ్గర అతను. ఆమెను చూడగానే చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడేసుకున్నాడు.

"మా పిన్నికి గురువారం ఫోన్లు ఎందుకు రావడం లేదండి?" అని ఆమె అడిగింది.

"గురువారం ఫోన్లేంటి? మూడో రోజు ఒకటి, ముప్పయ్యో రోజు ఒకటి. ఆ తర్వాత కస్టమరు వివరాలు రాసిన కార్డు మూసి ఇనప్పెట్టెలో పెడతాం. అదీ మా పద్ధతి" అంది మేనేజరమ్మ.

"మరి నాకు ఏడు నెలలుగా వస్తున్నాయే."

మేనేజరమ్మ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, ఈ అమ్మాయి కార్డేది?"

అతను చొక్కా జేబులోంచి నాలుగు మడతల కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆవిడ విప్పి, కళ్ళజోడు పైకి జరుపుకుని చదివింది.

"మిషన్ బాగుంది. ఆవిడకి జలుబు. మిషన్ బాగుంది. వాళ్ళమ్మగారికి మోకాలి నొప్పి తగ్గింది. మిషన్ బాగుంది. ఇవాళ నవ్వలేదు." ఆవిడ కార్డు తిప్పింది. వెనక కూడా నిండిపోయింది. "మిషన్ బాగుంది. అందరికీ చేస్తారా అని అడిగింది. కాదని చెప్పే ధైర్యం లేకపోయింది."

పిన్ని నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆవిడ జీవితంలో ఇది అరుదు.

"ఇది కంపెనీ కార్డా, నీ డైరీనా?" అంది మేనేజరమ్మ. "ఆఫీసు ఫోను వాడుకున్నావు, తప్పే. దాని పుణ్యమా అని ఒక్క వీధిలో ఏడు మిషన్లు అమ్ముడయ్యాయి, అది వేరే సంగతి. అందుకని ఉద్యోగం జోలికి పోను. శిక్ష మాత్రం ఉంది. ఇకనుంచి గురువారం ఆ ఏడుగురికీ ఫోన్ చేసి, చెప్పిందంతా ఓపిగ్గా వింటావు."

"వింటానండి."

"ముందు నాకు" అంది పిన్ని.

"ఈ కార్డు సంగతి?" అని మేనేజరమ్మ అడిగింది. "మూసెయ్యనా?"

అతను మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. "అది వాళ్ళిష్టమండి. కస్టమరు సరేనంటేనే మూస్తాం. ఇది మాత్రం నిజంగా పద్ధతే."

ఆమె కౌంటరు మీది పెన్ను అందుకుంది. కార్డు అడుగున ఒక్క గీత మిగిలి ఉంది. అందులో ఏదో రాసి, అతని వైపు జరిపి, పిన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది.

అతను చదివాడు. "ఫోన్‌తో సరిపోదు. మనిషి రావాలి."

శనివారం చిన్న జల్లు మొదలయ్యేసరికి అతను వాళ్ళ గుమ్మంలో ఉన్నాడు. ఈసారి గొడుగు ఉంది, పనిముట్ల బ్యాగు లేదు.

"మిషన్ బాగానే ఉందిగా బాబూ" అంది అమ్మ, గుడ్డ మీంచి చూపు తిప్పకుండా.

"మిషన్ కోసం కాదండి. మీతో ఒక మాట..."

"తెలుసు. కూర్చో. గురువారం పదకొండింటికి మా ఇంట్లో మిషన్ చప్పుడు ఆగిపోతుంది. ఏడు నెలలు, ఒక్క వారం తప్పలేదు. కత్తిరిస్తూ తల వంచుకున్నంత మాత్రాన నాకు చెవుల్లేవా?"

ఆమె తల వంచుకుని, దారం ఉన్న సూదికే మళ్ళీ దారం ఎక్కించే ప్రయత్నంలో పడింది.

"ఎదురింటావిడకి పొద్దున్నే చెప్పేశాను, ఆ సంబంధం వద్దని." అమ్మ కత్తెర పక్కన పెట్టింది. "నువ్వు మొదటిసారి వచ్చావు చూడు, సూది తిరగబడి ఉండటం నువ్వు కాళ్ళు తుడుచుకుంటుండగానే నేను చూశాను. నువ్వేమంటావో చూద్దామని ఊరుకున్నాను. దీని తప్పు నా ముందు పెట్టకుండా బాగుచేసి చేతికిచ్చావు. కూతుర్ని ఇవ్వడానికి అంతకంటే ఏం చూస్తాను నేను?"

అతను గొడుగు గోడకి ఆనించి కూర్చున్నాడు. ఆమే మాట్లాడింది, సూది మీంచి తలెత్తకుండా.

"రాసుకోండి" అంది. "మిషన్ బాగుంది. నేనూ బాగున్నాను."