కానుగ నీడకి సున్నా మార్కులు

చూపు మీటర్ లెక్క తప్పింది. నగరంలో అందరూ వెతుక్కుంటూ వెళ్లే కానుగ చెట్ల వరసకి సున్నా వేసింది.

ఆ ఊళ్లో రోడ్డు పక్కన పచ్చదనం ఉన్న ప్రతిచోటా ఒక స్తంభం, దానికో కెమెరా ఉంటాయి. దారిన పోయేవాళ్ల కళ్లు ఆకుల మీద ఎంతసేపు నిలిచాయో, కంటిపాప ఎంత విప్పారిందో చూసి మీటర్ వందకి మార్కులు వేస్తుంది. మార్కులు తక్కువొచ్చినవాటిని కార్పొరేషన్ తీసేసి, బాగా వచ్చినవి నాటుతుంది. అందుకే ఊరంతా రంగురంగుల కాగితం పూల మొక్కలే.

కానుగల్ని కొట్టే రోజున, మీటర్ తయారుచేసిన డాక్టర్ ఇందుమతి స్వయంగా వచ్చింది. ఎండలో నిలబడి కెమెరా పరీక్షించింది. లోపం లేదు. మే నెల కావడంతో కళ్లు తిరిగి పడిపోయింది.

తెలివి వచ్చేసరికి చెట్టు నీడలో, ఇస్త్రీ బండి పక్కన దుప్పటి మీద ఉంది. ఇస్త్రీ చేసే నూకాలు ఆమె ముఖాన నీళ్లు చల్లుతోంది. చుట్టూ ఆటోవాళ్లు నిద్రపోతున్నారు.

"లెగకండమ్మా, కాసేపు తొంగోండి," అంది నూకాలు. "మీ కర్ర మీకూ సున్నా ఏసేసింది."

ఇందుమతి తల తిప్పింది. స్తంభం మీద నిజంగానే సున్నా. కళ్లు మూసుకుంటే నచ్చలేదని మీటర్ లెక్క.

"ఈ సల్లదనానికి కళ్లు తెరుసుకుని కూకునేదెవలు?" ఆటోలోంచి పైడిరాజు పడుకునే అన్నాడు. "సూడాలంటే సినిమాకెల్తాం."

"ఈ సెట్లు పోతే, నిప్పుల పెట్టెతో ఎండలో నేనేటవుతానమ్మా?" అంది నూకాలు.

ఇందుమతి అక్కడే కూర్చుని, మూసిన కళ్లకి నిండు మార్కులు వేసేలా ప్రోగ్రామ్ మార్చింది. చెట్లు కొట్టడానికి వచ్చిన లారీ వెనక్కి వెళ్లింది.

"సల్లగుండాల తల్లీ," అంది నూకాలు.

"నువ్వు లేకపోతే నేనిప్పుడు ఆసుపత్రిలో ఉండేదాన్ని," అంది ఇందుమతి.

మరుసటి నెల నూకాలుకి చీర పెడదామని వెళ్లింది. కానుగల చుట్టూ ఇనుప కంచె, 'నగరంలో అత్యంత అందమైన పచ్చదనం' అని బోర్డు. ఇస్త్రీ బండి రోడ్డు అవతల, మండుటెండలో ఉంది.

"ఫస్టొచ్చేసినామమ్మా!" చెమట తుడుచుకుంటూ నవ్వింది నూకాలు. "అందుకే బయటికి తోసేసినారు."

ఇందుమతి కమిషనర్‌కి ఫోన్ చేసింది. "మొదటి ర్యాంకు చోటుకి కంచె తప్పదు మేడం. రూలు," అన్నాడాయన.

"ర్యాంకే లేకపోతే?"

"అప్పుడు కంచె ఎందుకండీ?"

ఆమె కారులోంచి స్పానర్ తెచ్చి మీటర్ ఊడదీసింది. వారంలో కంచె పోయింది, బండి నీడకి చేరింది. మనుషులు నడుం వాల్చే చోట ఇక మీటర్ పెట్టనంది. తర్వాత ముగ్గురు కమిషనర్లు అడిగారు. పెట్టలేదు.